నాలుగు వందల పన్నెండో నంబరు కుర్చీ

"విరిగిన కుర్చీలు ఇచ్చేది ఇక్కడేనా?"

తలెత్తి చూశాను. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి గొడుగు దులుపుతోంది. గొడుగు మీదున్న వాన మొత్తం నా రిజిస్టరు మీద పడింది.

"ఇక్కడ ఏదీ ఇవ్వరండీ. దాస్తారు," అన్నాను, జేబురుమాలుతో అక్షరాలను అద్దుకుంటూ.

"దాచి ఏం చేస్తారు?"

"నెలాఖరుకి లారీ వస్తుంది. ఎత్తుకుపోతుంది."

"ఎక్కడికి?"

"ఇటుకల బట్టీకి. పొయ్యిలోకి."

ఆ అమ్మాయి నన్ను వదిలేసి నా వెనకున్న గోదాంలోకి చూసింది. చూసి, "ఇంత కలపనా!" అంది. సొంత ఇల్లు కూలినవాళ్లు కూడా అంత బాధగా అనరు.

ఇది ఇరవై ఆరేళ్ల కిందటి మాట. అప్పుడు నాకు ఇరవై నాలుగు. మునిసిపాలిటీ గోదాంలో స్టోర్ గుమాస్తాని. ఆ ఏడే మునిసిపాలిటీకి కొత్త భవనం కట్టారు. కొత్త భవనంలోకి కొత్త ఇనుప బల్లలు, గిర్రున తిరిగే కుర్చీలు వచ్చాయి. పాతవన్నీ తెచ్చి నా నెత్తిన పడేశారు. మూడు కాళ్ల కుర్చీలు, తలుపుల్లేని బీరువాలు, యాభై ఏళ్లపాటు సభామందిరంలో జనాన్ని మోసి మోసి నడుములు వంగిన పొడుగు బెంచీలు. నేల నుంచి పైకప్పు దాకా అవే. వాటి మధ్య నా బల్ల, నేను. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను కూడా పాత సామానులో జమకట్టేవాళ్లు.

"మా వీధి చివర పాత నీటిపన్ను ఆఫీసు గది ఖాళీగా పడి ఉంటే, రీడింగ్ రూమ్ పెట్టుకోమని మీవాళ్లే ఇచ్చారు," అంది ఆ అమ్మాయి. "గది ఇచ్చారు గానీ కూర్చోడానికి చెక్క ముక్క ఇవ్వలేదు. కూర్చోగలిగినవాళ్లు నేల మీద చతికిలబడి పేపరు చదువుతున్నారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గోడకి ఆనుకుని చదువుతున్నారు. ఇవి ఇప్పిస్తే బాగుచేసుకుంటాం."

"బాగుచేసేది ఎవరండీ?"

"నేనే. వడ్రంగం పని మాది."

నేను నవ్వలేదు. నవ్వలేదనే అనుకున్నాను.

"ఎందుకు నవ్వారు?"

"అబ్బే, నవ్వలేదండీ."

"నవ్వారు. ఎడమవైపు మాత్రమే నవ్వారు."

మాట ఉలిలా ఉంది, ఒక్క దెబ్బకి చెక్క లేచింది. ఆ రోజు నుంచి మనసులో నేను ఆమెకి పెట్టుకున్న పేరు కూడా అదే, ఉలి. ఇక నాకు మిగిలిన ఆయుధం ఒకటే. "రూల్ ఒప్పుకోదండీ," అన్నాను.

"రూల్ చూపించండి."

ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. రూల్ ఒప్పుకోదని రోజుకి పదిసార్లు అన్నాను. చూపించమన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు. నేను బల్ల సొరుగులు వెతుకుతుంటే లోపలి గదిలోంచి మా హెడ్ గుమాస్తా గారు చెంప పట్టుకుని వచ్చారు. ఆయనకి పంటి నొప్పి. ఆ నొప్పికీ ఆయన సర్వీసుకీ దాదాపు ఒకే వయసు.

"ఉందమ్మాయ్, రూల్ ఉంది. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చదవరు," అన్నారు. "మిగులు సామాను ఏదైనా ముందు మన శాఖలన్నింటికీ జాబితా పంపాలి. పదిహేను రోజులు ఆగాలి. ఏ శాఖా అడక్కపోతే బడులకి, రీడింగ్ రూములకి, అలాంటి వాటికి ఇవ్వచ్చు. వాళ్లకీ వద్దంటేనే లారీ. కాకపోతే, ఈ విరిగినవి మళ్లీ పనికొస్తాయని ఎవరైనా నాకు నమ్మకం కలిగించాలి. బాగుచేసిన కుర్చీ ఒకటి తెచ్చి చూపించు, జాబితా నేను పంపిస్తాను."

"రేపే తెస్తానండీ," అంది ఉలి. వెళ్తూ వెళ్తూ నా వైపు చూసి, "రెండువైపులా నవ్వడం ప్రాక్టీస్ చెయ్యండి," అంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ చేశానని ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకుంటున్నాను.

మర్నాడే నేను నా జీవితంలోకెల్లా పెద్ద పొరపాటు చేశాను. దానికి ముందు నా జబ్బు గురించి చెప్పాలి. గోదాంలో ఉన్న ప్రతి వస్తువుకీ తెల్ల పెయింటుతో నంబరు వెయ్యాలి, ఆ నంబరు రిజిస్టరులో ఎక్కించాలి. అది నా పని. అందరూ పనిలా చేసేదాన్ని నేను వ్రతంలా చేసేవాణ్ణి. అంకెలన్నీ ఒకే ఎత్తు, ఒకే వాలు. "నీ దగ్గర కునుకు తీయాలంటే భయమోయ్, లేచేసరికి నుదుటి మీద నంబరుంటుంది," అనేవారు హెడ్ గుమాస్తా గారు.

ఆ రోజు నేను పెయింటు డబ్బా కోసం పెద్దాఫీసుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన కుర్చీ ఖాళీ. పన్ను మరీ సలిపితే ఇంటికెళ్లిపోయారు. సరే, తనిఖీ దగ్గర పడుతోంది కదా అని కూర్చుని మూడు వందల తొంభై నుంచి మొదలుపెట్టాను. బయట వాన, లోపల నేను, నా కుంచె. నాలుగు వందల పన్నెండు దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పేము అల్లిన టేకు కుర్చీ. మేకన్నది లేదు. చేతులు ఆనే చోట కలప అరిగి అరిగి అద్దంలా మెరుస్తోంది. ఇంత చక్కటి కుర్చీ ఈ చెత్తలో ఎందుకుందా అనుకున్నాను. అనుకుని, వెనక పలక మీద అందంగా 412 అని వేశాను. వేసి, రిజిస్టరులో ఎక్కించాను. సాయంత్రానికల్లా కార్బన్ కాపీ పెద్దాఫీసుకి పంపించేశాను.

మర్నాడు పొద్దున్నే ఉలి వచ్చింది.

"కుర్చీ తీసుకెళ్తానండీ. నిన్న మీ హెడ్ గారికి చూపించాను. వానలో పేము తడుస్తుందని ఇక్కడే ఉంచి వెళ్లాను."

"ఏ కుర్చీ అండీ?" అంటుండగానే నా చూపు 412 మీదకి వెళ్లింది.

ఆమె తిన్నగా వెళ్లి కుర్చీని తిప్పింది. తిప్పి, చాలాసేపు చూసింది.

"ఇదేంటి?"

"నంబరండీ."

"అది తెలుస్తోంది. నా కుర్చీ మీద ఎందుకుందీ అని."

"గోదాంలో ఉన్నవన్నీ... మావే అనుకుని..."

"సరే, తుడిచెయ్యండి."

"పెయింటు తుడవచ్చండీ. రిజిస్టరు తుడవలేం. కొట్టివేతలు ఉండకూడదు. కాపీ కూడా వెళ్లిపోయింది."

"అంటే?"

"అంటే... ఇది ఇప్పుడు మునిసిపాలిటీ కుర్చీ అండీ."

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. ఆమె ఆ కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఇది మా అమ్మ కుర్చీ," అంది నెమ్మదిగా. "అమ్మ పొట్టిది. ఏ కుర్చీలో కూర్చున్నా కాళ్లు గాల్లో వేళ్లాడేవి. అందుకని నాన్న ఆమె కాళ్లు నేలకి ఆనేలా కొలిచి చేశాడు. అమ్మ పోయి మూడేళ్లు. ఆ రోజు నుంచి నాన్న గుమ్మం దాటలేదు. చేతులు వణుకుతున్నాయని పని మానేశాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇందులోనే కూర్చుంటాడు. పాలిష్ పెట్టి ఇస్తాను, ఒక్కరోజుకి ఇవ్వు అని బతిమాలితే ఇచ్చాడు. ఇప్పుడు ఏమని చెప్పను?"

నేను తలొంచుకున్నాను. ఆ పూట పనికని తీసిన కుంచె నా చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

హెడ్ గుమాస్తా గారు వాచిన చెంపతో వచ్చి అంతా విన్నారు. "నీకు చెప్పి వెళ్దామనుకున్నానోయ్. పన్ను చెప్పనివ్వలేదు," అన్నారు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "ఎక్కిన దారినే దిగాలి తల్లీ. మిగిలిన సామానుతో పాటు ఇదీ జాబితాలోకి వెళ్తుంది. పదిహేను రోజులు ఓపిక పట్టు," అన్నారు.

"పదిహేను రోజులు నాన్నకేం చెప్పాలి?"

"పాలిష్ ఆరలేదని చెప్పండి," అన్నాను. "వానాకాలం కదా."

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "అబద్ధాలు బాగానే వస్తాయే మీకు, నంబరు గారూ," అంది.

అలా నాకూ పేరొచ్చింది.

ఉలి రోజూ వచ్చేది. కుర్చీ క్షేమంగా ఉందో లేదో చూసుకోవడానికి. పొడిగుడ్డతో తుడిచి, ఒక్క నిమిషం అందులో కూర్చుని, నన్ను నాలుగు మాటలని వెళ్లిపోయేది. ఆ నాలుగు మాటల కోసం నేను పొద్దున్నుంచీ ఎదురుచూడటం ఎప్పుడు మొదలుపెట్టానో చెప్పలేను. గుమ్మంలో గొడుగు చప్పుడైతే నాకు తెలియకుండానే జుట్టు సర్దుకునేవాణ్ణి. హెడ్ గుమాస్తా గారు ఫైలు అడ్డం పెట్టుకుని దగ్గేవారు.

తొమ్మిదో రోజున ఇంజనీరింగ్ శాఖ నుంచి కాగితం వచ్చింది. జాబితాలోని 412 నంబరు కుర్చీ తమకు కావాలట.

"నాలుగు వందల పైచిలుకు సామాను ఉంటే ఇదే ఎందుకు కావాల్సొచ్చింది వాళ్లకి?" అంది ఉలి. "జాబితాలో ఏం రాశారు మీరు?"

నేను కాపీ చూపించాను. మిగిలిన వాటి పక్కన "కాలు లేదు", "వీపు లేదు", "కాలూ వీపూ లేవు" అని ఉంది. దీని పక్కన "చేతిపని. బహు చక్కని కుర్చీ" అని రాశాను.

"కాస్త చెడ్డగా రాయలేకపోయారా?"

"దాని గురించి చెడ్డగా రాయడానికి చెయ్యి రాలేదండీ."

ఆమె గొడుగు తీసుకుంది. ఆ రోజు నాలుగు మాటలు కూడా అనకుండా వెళ్లిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే తెల్లకాగితం తీసుకుని, జరిగింది జరిగినట్టు రాయడం మొదలుపెట్టాను. ఈ కుర్చీ ఎవరిదో విచారించకుండా నంబరు వేశాననీ, తప్పు పూర్తిగా నాదేననీ. హెడ్ గుమాస్తా గారు నా భుజం మీంచి చదివారు.

"ఇది పైకి వెళ్తే నీకు మెమో వస్తుంది. సర్వీసు పుస్తకంలో మచ్చ పడుతుంది. వచ్చే ఏడు ప్రమోషన్ ఉంది, తెలుసుగా?"

"తెలుసండీ."

"ఒక కుర్చీ కోసం?"

నేను కాగితం కింద సంతకం చేశాను. ఆయన చెంప నిమురుకుంటూ, "కుర్చీ కోసమే అయితే ఆపేవాణ్ణి," అని కాగితం మీద తన సంతకం కూడా చేశారు.

దాన్ని పెద్దాఫీసుకి పంపి, కాపీ తీసుకుని స్వయంగా ఇంజనీరు గారి దగ్గరకి వెళ్లాను. ఆరడుగుల రెండంగుళాల మనిషి. గుమ్మాలన్నింటికీ నమస్కారం పెడుతూ నడిచేవారు. చదివి, పకపకా నవ్వి, "అయినా ముందు ఆ కుర్చీ సంగతేంటో చూడాలయ్యా," అని నాతో పాటే గోదాంకి బయల్దేరారు. మేము వచ్చేసరికి ఉలి అక్కడే ఉంది, చేతిలో పొడిగుడ్డతో.

ఆయన 412లో కూర్చున్నారు. కూర్చోగానే ఆయన మోకాళ్లు గడ్డాన్ని తాకాయి.

"ఇదేం కుర్చీ? పీటకి చేతులు పెట్టినట్టుంది!"

"మా అమ్మ కొలతండీ," అంది ఉలి. అని, మొత్తం చెప్పింది. కాళ్లు వేళ్లాడటం గురించి, నాన్న కొలత తీసుకోవడం గురించి, గుమ్మం దాటని మూడేళ్ల గురించి. ఇంజనీరు గారు మోకాళ్లు గడ్డం కింద పెట్టుకునే విన్నారు. నవ్వు మాయమైంది. లేచి నిలబడి, కుర్చీ చేతుల్ని ఒకసారి తడిమి, నా బల్ల మీదే "మా శాఖకు అక్కర్లేదు" అని రాసి ఇచ్చారు.

"మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పమ్మా," అన్నారు. వెళ్లే కంగారులో గుమ్మానికి తల కొట్టుకున్నారు.

పెద్దాఫీసు నుంచి జవాబు వారంలో వచ్చింది. నేను రాసింది నిజమేనని ఒప్పుకున్నారు. మెమో కూడా పంపారు. కుర్చీని మాత్రం వదల్లేదు. రిజిస్టరులో ఎక్కిన వస్తువు ప్రైవేటు మనుషులకి వెళ్లడానికి వీల్లేదట, రీడింగ్ రూమ్‌కి ఇవ్వచ్చట. మూడు బీరువాలు, పద్దెనిమిది బెంచీలు, అరవై కుర్చీలతో పాటు. అన్నీ ఇచ్చేశారు, ఆమె అడిగినవన్నీ. ఆమె సొంతమైన ఒక్కటి మాత్రం ఆమెకి తిరిగి ఇవ్వలేదు.

కాగితం చదివి ఉలి మొహం చిన్నబోయింది. "మీరు చెయ్యగలిగింది చేశారు," అంది. మొదటిసారి నన్ను మెచ్చుకున్న మాట, అది కూడా అలాంటి రోజున.

"మీ నాన్నగారికి నేను చెబుతానండీ," అన్నాను. "నంబరు వేసింది నేను కదా."

వాళ్ల ఇల్లు చిన్నది. ముందు గదిలో కిటికీ పక్కన నాలుగు కాళ్ల గుర్తులున్న ఖాళీ చోటు, దాని పక్కన స్టూలు మీద ఆయన. కూర్చోమంటే కూర్చోలేకపోయాను. నిలబడే అంతా చెప్పాను, పాలిష్ అబద్ధంతో సహా.

ఆయన కిటికీలోంచి చూస్తూ విన్నాడు. వానచుక్కలు ఊచల మీంచి జారుతున్నాయి.

"ఇక్కడికి ఎంత దూరం బాబూ, ఆ రీడింగ్ రూమ్?" అన్నాడు చివరికి.

"వీధి చివరేనండీ. ఏడిళ్ల అవతల."

"మెట్లున్నాయా?"

"మూడే మెట్లండీ."

ఆయన స్టూలు మీంచి లేచాడు. వంకెకి తగిలించిన చొక్కా తీసి తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించకపోతే కూతురు ముందుకొచ్చింది. వద్దన్నాడు. తనే పెట్టుకున్నాడు, ఒక్కోదానికి ఒక్కో నిమిషం. "గొడుగు తే అమ్మలూ. మీ అమ్మ కుర్చీ ఎక్కడ వేశారో చూసొస్తాను," అన్నాడు.

ఉలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. గొడుగు తేవడానికి అంతసేపు పట్టదు.

ఆ రోజు నుంచి ఆయన రోజూ పేపరు వచ్చే వేళకి రీడింగ్ రూమ్‌కి వెళ్లేవాడు. 412 కిటికీ పక్కన ఉండేది. ఆయన వస్తే ఎవరు కూర్చున్నా లేచేవారు. రూల్ కాదు, ఎవరికి వాళ్లే పెట్టుకున్న పద్ధతి. పక్కవాళ్లు ఇంట్లో ఊగే మంచం గురించి, బిగుసుకుపోయిన తలుపు గురించి అడిగితే ఆయన కూర్చునే చెప్పేవాడు. వారం తిరక్కుండా ఎవరో చెక్క చెక్కే ఉలి పట్టుకొచ్చి ఆయన చేతికిచ్చారు. చెయ్యి వణికింది, కానీ ఉలిని వదల్లేదు.

ఇక నా సంగతి. బెంచీలూ కుర్చీలూ గోదాంలోనే బాగుచెయ్యాలి, బాగయ్యాకే బయటికి పంపాలి. అంటే నలభై రోజులు ఆమె గోదాంలోనే పని చేసింది. నేను పట్టుకునేవాణ్ణి, ఆమె కొట్టేది.

"గట్టిగా పట్టుకోండి."

"పట్టుకున్నానండీ."

"నా మొహం కాదు, కుర్చీ కాలు చూసి పట్టుకోండి."

సుత్తి ఒకసారి నా బొటనవేలి మీద పడింది. తప్పు సుత్తిది కాదు. ఆమె ఊదుతూ కట్టు కడుతుంటే, మిగిలిన తొమ్మిది వేళ్లూ ఉన్నాయి కదా అని నాకు ఆశ కలిగింది.

మధ్యాహ్నాలు రేకుల కప్పు మీద వాన దంచేది. మాట వినపడక సైగలు చేసుకునేవాళ్లం. జిగురు, గరుకు కాగితం, చిన్న ఉలి, పెద్ద ఉలి, అన్నింటికీ సైగలున్నాయి. నాకు చెప్పాలని ఉన్నదానికే సైగ దొరకలేదు. ఆమె జుట్టు నిండా రంపపు పొట్టు ఉండేది, సాయంత్రానికి నా చొక్కా నిండా కూడా. ఇంటికెళ్తే మా అమ్మ నన్ను గుమ్మంలో నిలబెట్టి దులిపేది.

"మీరు ప్రతిదానికీ నంబరు వేస్తారు కదా," అంది ఒకరోజు, చిత్రిక పడుతూ. "వెయ్యాలనిపించి వెయ్యనిదేదైనా ఉందా?"

"ఉందండీ."

"ఏంటది?"

అప్పుడు చెప్పాల్సింది. వాన కూడా సరిగ్గా అప్పుడే ఆగి దారి ఇచ్చింది. నేను, "ఆ మూల నిచ్చెనండీ," అన్నాను.

ఆమె చిత్రిక ఆపి నన్ను చూసింది. "నిచ్చెనా," అంది. తర్వాత మళ్లీ పనిలో పడింది. మా హెడ్ గుమాస్తా గారు లోపలి గదిలో నుదురు కొట్టుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

పనికిరానివి లారీ ఎత్తుకుపోయాక, చివరి బెంచీ కూడా వెళ్లిపోయిన రోజున గోదాం ఇంత పెద్దదా అనిపించింది. నా అడుగుల చప్పుడు నాకే తిరిగి వచ్చింది. ఆమె పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, "వెళ్తానండీ," అంది. "మంచిదండీ," అన్నాను. మూడు రోజులపాటు నన్ను నేను తిట్టుకున్నాను. గొడుగు చప్పుడు లేదు. జుట్టు సర్దుకోవడమూ లేదు.

నాలుగో రోజు టపాలో ఒక కవరు వచ్చింది. హెడ్ గుమాస్తా గారు చింపి, కళ్లజోడు సవరించుకుని, బిగ్గరగా చదివారు.

"గోదాం అధికారి గారికి. విషయం: మిగులు వస్తువు ఒకటి కోరుట గురించి. అయ్యా, మీ గోదాంలో సామాను అంతా వెళ్లిపోగా ఒక గుమాస్తా మాత్రం మిగిలిపోయినట్టు తెలిసింది. స్థితి: కాస్త బిగుసుకుపోయింది. ఎడమవైపు మాత్రమే నవ్వుతుంది. అవసరమైన మాట అవసరమైనప్పుడు రాదు. అయినా కలప మంచిది. తన తప్పు తాను రాసి ఇచ్చే రకం, వెతికినా దొరకదు. బాగుచేసుకుని జాగ్రత్తగా వాడుకుంటాను. నాకు ఇప్పించగలరు." కింద ఆమె సంతకం. దాని కింద వణికే అక్షరాల్లో, "మా వైపు నుంచి అభ్యంతరం లేదు" అని ఇంకో సంతకం.

నేను ఎటు చూడాలో తెలియక నిచ్చెన వైపు చూశాను.

"వినతి సక్రమంగానే ఉంది," అన్నారు హెడ్ గుమాస్తా గారు, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా. "రూల్ ప్రకారం ముందు ఆ వస్తువు మీద హక్కున్న శాఖకి తెలియజెయ్యాలి. నీ మీద హక్కున్న శాఖ ఏదోయ్?"

"మా అమ్మండీ."

"పట్టుకెళ్లి చూపించు. పదిహేను రోజుల గడువు."

అమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "నీ చొక్కాలకి పొట్టు అంటించి పంపేది ఈ పిల్లేనా?" అంది.

"అవునమ్మా."

"ఇరవై నాలుగేళ్లు అపురూపంగా వాడుకున్న వస్తువురా. అడగ్గానే ఇచ్చేస్తామా? చూడాలి."

చూడటానికి రీడింగ్ రూమ్‌కే వచ్చింది. ఉలి అప్పుడు మళ్లీ వదులైన బీరువా తలుపు బిగిస్తోంది. మొహాన చెమట, చెవి వెనక పెన్సిలు. నమస్కారం పెట్టబోతే చేతిలోంచి మేకులు జారి గదంతా దొర్లాయి. అందరం వంగి ఏరుతుంటే, కిటికీ పక్కన ఆమె నాన్న లేచి నిలబడ్డాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు, తన కుర్చీ చూపించి.

గదిలో పేపర్లు తిప్పే చప్పుడు ఆగిపోయింది. ఆ కుర్చీని ఆయన ఎవరికీ ఇవ్వగా ఎవరూ చూడలేదు. అమ్మకి అవేమీ తెలియవు. వెళ్లి కూర్చుంది. మా అమ్మ కూడా పొట్టిదని ఇంతవరకూ చెప్పలేదు కదా. కాళ్లు కిందికి దించి, నేలకి ఆనించి, "హమ్మయ్య! ఎన్నాళ్లకి కాళ్లు నేలకానిన కుర్చీ దొరికింది!" అంది.

ఉలి చేతిలో ఏరిన మేకులతో అలాగే ఉండిపోయింది. ఆమె నాన్న కిటికీ వైపు తిరిగాడు.

అమ్మ అందర్నీ ఒకసారి చూసింది. ఏదో అర్థమైంది. ఉలి చెవి వెనక నుంచి పెన్సిలు లాగి, వినతి మీద రాసింది: "అభ్యంతరం లేదు. ఇచ్చిన వస్తువు వాపసు తీసుకోబడదు."

అయినా మా హెడ్ గుమాస్తా గారు పదిహేను రోజులూ ఆగాల్సిందేనన్నారు. రూల్ రూలే. పదహారో రోజు పొద్దున గుమ్మంలో గొడుగు చప్పుడైంది. గొడుగు మీది వానంతా నా రిజిస్టరు మీద పడింది.

"ఇంకే శాఖైనా అడిగిందా?"

"లేదండీ. ఎవరూ అడగలేదు."

"అనుకున్నాను," అంది. "ఆ 'అండీ' తీసెయ్యండి ఇక."

"ఆ రోజు నేను నంబరు వెయ్యాలనుకున్నది నిచ్చెనకి కాదు," అన్నాను.

"తెలుసు. నిచ్చెన మీద అప్పటికే నంబరుంది. చూశాను." అని నవ్వింది. నేనూ నవ్వాను. రెండువైపులా వచ్చిందని ఆమే చెప్పింది.

ప్రమోషన్ రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. మెమో మాత్రం పటం కట్టించి ముందు గదిలో పెట్టింది మా ఆవిడ. మావయ్య గారు ఇంకో పదకొండేళ్లు ఆ మూడు మెట్లూ ఎక్కి దిగారు. చివరి రోజు కూడా పేపరు చదివే ఇంటికొచ్చారు.

కిందటేడు రీడింగ్ రూమ్‌కి కొత్త కుర్చీలు వచ్చాయి. పాతవాటి జాబితా నా బల్ల మీదకి వచ్చింది. ఇప్పుడు హెడ్ గుమాస్తాని నేనే. అందులో 412 ఉంది. ఈ మధ్య రూలు కాస్త సడలింది. ఏ శాఖా, ఏ సంస్థా అడగని వస్తువుని ఊళ్లోవాళ్లు ఎవరైనా కోరవచ్చు. గుమాస్తాలు మాత్రం కోరకూడదు. ఆమె కోరింది. పదిహేను రోజులు ఇద్దరం సరిగ్గా నిద్రపోలేదు. పదహారో రోజు ఇచ్చినవారి దగ్గర నేను, పుచ్చుకున్నవారి దగ్గర ఆమె సంతకం చేశాం. మోస్తానంటే నన్ను ముట్టుకోనివ్వలేదు. తనే భుజాన పెట్టుకుని వానలో ఇంటికి తెచ్చింది, గొడుగు నా చేత కుర్చీకి పట్టించి.

ఇప్పుడది మా వరండాలో ఉంది. నిన్న దానికి పాలిష్ పెడుతోంది. నేను పక్కన కూర్చుని జిగురు డబ్బా పట్టుకున్నాను. పట్టుకునే పని ఇంకా నాదే. వెనక పలక దగ్గరకి వచ్చేసరికి గుడ్డని జాగ్రత్తగా నంబరు చుట్టూ తిప్పింది. తెల్ల పెయింటు వెలిసింది గానీ అంకెలు ఒకే ఎత్తు, ఒకే వాలు.

"జాబితాలోంచి తీసేసిన సామాను మీద నంబరు చెరిపెయ్యాలి, తెలుసా?" అన్నాను. "అలా ఉంచడానికి రూల్ ఒప్పుకోదు."

"రూల్ చూపించండి," అంది, తల ఎత్తకుండా.

ఆ రూలు ఏ పుస్తకంలో, ఎన్నో పేజీలో, ఎన్నో వరసలో ఉందో నాకు బాగా తెలుసు. చూపించలేదు.